ఏడు సంతానాలు, ఒక దశబంధం

మనిషి లోకం విడిచి వెళ్ళిన తరువాత అతని వెనుక ఏది మిగలాలి అన్న ప్రశ్న ఆస్తిపాస్తుల లెక్కతో మొదలైనా అక్కడితో ఆగదు. వారసత్వం అనే మాటకు చట్టం చెప్పే అర్థం ఒకటి ఉన్నది. గతించినవారి ఇల్లు, పొలం, నగదు ఎవరికి ఏ వంతున చెందాలో తేల్చేది అది. సమాజం చెప్పుకునే అర్థం ఇంకొకటి ఉన్నది. ఒకరు బతికిన బతుకు వలన తరువాతివారికి ఎంత సౌకర్యం, ఎంత జ్ఞానం, ఎంత ధైర్యం సమకూరాయో చూసేది అది. ఈ ప్రసంగం ఆ రెండవ అర్థానికి సంబంధించినది. దానిని పరిశీలించడానికి తెలుగువారు దూరం వెళ్ళనక్కరలేదు. శాసనాలలోను, కావ్యాల అవతారికలలోను, అనగా కావ్యారంభంలో కవి తననూ తన పోషకుణ్ణీ పరిచయం చేసే భాగాలలోను, పూర్వులు ఈ విషయాన్ని సప్తసంతానాలు అనే పేరుతో ఎంతో లోతుగా ఆలోచించి పెట్టారు.

సప్తసంతానాలు అంటే మనిషి తన తరువాత నిలిచి ఉండేందుకు విడిచి వెళ్ళదగిన ఏడు. తనయుడు, తటాకం అనగా చెరువు, దేవాలయం, వనం అనగా నాటి పెంచిన తోట, అగ్రహారం అనగా విద్వాంసులకు పన్ను లేకుండా దానమిచ్చిన ఊరు, నిక్షేపం అనగా దాచి ఉంచిన ధనం, కృతి అనగా తాను రచించిన కావ్యం గాని, కవి చేత రాయించి అంకితం పుచ్చుకున్న కావ్యం గాని. ఈ ఏడింటిలో రక్తసంబంధం వలన కలిగేది ఒక్కటే. మిగిలిన ఆరూ బుద్ధితోను, ధనంతోను, శ్రమతోను కల్పించుకోవలసినవి. కొడుకు లేకపోతే ఉత్తమగతులు లేవని గట్టిగా నమ్మిన సమాజమే ఆ కొడుకు సరసన చెరువును, తోటను, కావ్యాన్ని కూర్చోబెట్టి, వాటిని కూడా సంతానమనే పిలవడం సామాన్యమైన సంగతి కాదు. బిడ్డలు లేనివారికి ఆ పిలుపు ఊరటనిస్తే, బిడ్డలు ఉన్నవారికి తమ బాధ్యత ఆ బిడ్డలతో తీరిపోలేదని గుర్తుచేసింది. పట్టికలో తనయుడే ఉండి తనయ లేకపోవడం మాత్రం ఆ కాలపు లోపమే, దానిని సమర్థించనవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అవిభక్త కుటుంబపు ఆస్తిలో అప్పటికి వివాహం కాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కు 2005 సవరణతో వచ్చింది.

ఏడింటిలో చెరువు దగ్గర ఎక్కువసేపు ఆగడం సమంజసం, ఏమంటే కీర్తి కోరికకూ లోకోపకారానికీ ఉన్న సంబంధం అక్కడ తేటగా కనిపిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉన్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడనే మరో పేరు కూడా ఉన్న భాస్కరుడు అనంతరాజ సాగరం అనే పేరుతో ఆ చెరువును కట్టించిన వైనాన్ని అది చెబుతుంది. రాజప్రశస్తితో సరిపెట్టుకోక, మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, చెరువుకు రాకూడని 6 దోషాలను వరుసగా వివరించడం వలన ఆ శాసనం నీటిపారుదల చరిత్ర చదివేవారికి పాఠ్యగ్రంథం వంటిదయింది. గట్టి బంకనేల, తీయని నీరు తెచ్చే ఏరు, కట్టకు రెండు వైపులా ఆనుకునే కొండ, విశాలమై లోతైన గర్భం, నిడుపైన రాళ్ళు దొరికే గని, చుట్టూ చదునుగా పండే పొలాలు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, కట్టుబడిలో నేర్పు గల పనివారి బృందం మొదలైనవి సాధనాలు. కట్టలోనుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ ఎత్తైన దిబ్బ ఉండటం, ఆయకట్టుకు చాలినంత నీరు లేకపోవడం, నీటికి తగినంత నేల లేకపోవడం దోషాలు.

ఆ 12 సాధనాలలో మొదటిది ధర్మబుద్ధి, సంపద కలిగి, కీర్తిని కోరే రాజు. కీర్తి కాంక్షను శాసనకర్త దాచలేదు, నిందించలేదు; బంకమట్టి ఎంత అవసరమో కీర్తి కోరిక కూడా అంత అవసరమని దానిని సామగ్రిలో చేర్చాడు. తన పేరు నిలవాలని మనిషి కోరుకోవడం నీచమైన కోరిక కాదన్న ఈ అవగాహన చాలా ఆరోగ్యకరమైనది. అయితే ఆ కోరిక పన్నెండింటిలో ఒకటి మాత్రమే. తక్కిన పదకొండూ నేల, నీరు, రాయి, విద్య, పనివారి నేర్పు అనే వాటికి చెందుతాయి. కీర్తి ఒక్కదానితోనే కట్ట లేవదని అంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది పనిచేశారని, రాళ్ళు తేవడానికి నూరు బండ్లు నడిచాయని కూడా ఆ శాసనమే నమోదు చేసింది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాతికెక్కలేదు. అయినా వారిని లెక్కలోనైనా స్మరించిన శాసనాలు అరుదు గనుక, ఆ ఒక్క వాక్యానికి చరిత్రకారులు ఇవ్వవలసిన గౌరవం పెద్దది.

చెరువు తవ్వించడం ఒక తరం చేయగల పని. దానిని నిలబెట్టడానికి తరతరానికీ మనుషులు కావాలి. వాన పడినప్పుడల్లా నీటితోపాటు మట్టి వచ్చి చెరువు పూడుతుంది, కట్టకు గండి పడుతుంది, తూము రాయి కదులుతుంది, అలుగు, తెలంగాణలో మత్తడి అని వ్యవహరించే మిగులునీటి దారి, కోసుకుపోతుంది. ఈ సంగతి తెలిసినవారు కనుకనే పూర్వులు దశబంధం అనే ఏర్పాటు చేశారు. చెరువును కట్టినవారికి గాని, దాని మరమ్మతు బాధ్యత వహించేవారికి గాని ఆ చెరువు కింది భూమిలోనో, పంటలోనో కొంత భాగాన్ని పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో ఇచ్చే మాన్యానికి దశబంధమని పేరు. మాన్యం అనుభవించేవారు ఏటా పూడిక తీయించాలి, కట్టపై మట్టి వేయించాలి. ఆ పని మానితే మాన్యం మీద హక్కు పోతుంది. తూము తెరిచి మూసి, ఏ మడికి ఎంత నీరో చూసే నీరటికాడికి కూడా ఊరి పంటలో వంతు ఉండేది. ఊరిచెరువుల మీద అధికారం క్రమంగా సర్కారు శాఖల చేతికి వెళ్ళి, ఈ మాన్యాలు క్షీణించిన తరువాత చాలా చెరువులు పూడికతోను, ఆక్రమణలతోను దెబ్బతిన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను తలపెట్టవలసి రావడం, తీసిన పూడికమట్టిని రైతులు మళ్ళీ పొలాలకు తోలుకోవడం, పూర్వపు బాధ్యతను కొత్తగా గుర్తుచేసుకోవడమే.

వెనుక ఏదైనా విడిచి వెళ్ళాలనుకునే ప్రతి మనిషి ఆలోచనకూ ఈ దశబంధమే కేంద్రం కావాలి. మిగిల్చిన వస్తువు ఎంత గొప్పదన్న దానికంటె, దానిని ఎవరు చూసుకుంటారు, చూసుకునేవారికి అందులో ఏమి వంతు ఉన్నది అన్న ప్రశ్నకు దొరికే జవాబు మీదనే దాని ఆయుష్షు ఆధారపడుతుంది. వారసులకు బరువును మాత్రమే అప్పగించి, ఫలాన్ని తన పేరుకే రాసుకున్న దాత వారి నుంచి శ్రద్ధను ఆశించలేడు.

పేరు విషయంలో చరిత్ర దాతల మాట అంతగా విన్నట్లు లేదు. పాలంపేటలోని ఆలయాన్ని కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేశాడని అక్కడి శాసనం చెబుతుంది. ప్రజలు మాత్రం దానిని రామప్ప గుడి అంటారు, రామప్ప అనేది ఆ గుడిని చెక్కిన శిల్పి పేరని నమ్ముతారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఆ ఆలయం కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయంగా చేరినప్పుడు కూడా దాత పేరు పక్కన రామప్ప పేరు నిలిచింది. హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కుతుబ్ షా కాలపు చెరువు, అయినా దాని నిర్మాణాన్ని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ పేరే దానికి నిలిచింది. ఇటువంటి చోట్ల జనం జ్ఞాపకం ధనం ఇచ్చినవారిని దాటి, పనిచేసిన చేతిని వెతుక్కుంటూ వెళ్ళింది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన ధర్మకీర్తి సముద్రం కథ ఇంకొక విధమైనది. ఆ చెరువు కోసం ఆమె వేయించిన శాసనంలోని వంశవర్ణన కాకతీయుల తొలి తరాల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటయింది. ఊరికి నీరివ్వడానికి పూనుకున్న స్త్రీ ఆ పనితోనే దేశచరిత్రకు ఒక అధ్యాయాన్ని కూడా ఇచ్చింది. తాను విడిచి వెళ్ళేదానిలో రేపటివారికి ఏది పనికివస్తుందో మనిషి పూర్తిగా ఊహించలేడు.

ఇక కృతి. మనుచరిత్ర అవతారికలో శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనతో సప్తసంతానాలలో నశించనిది కృతి ఒక్కటేనని, కనుక తనకు కావ్యం చెప్పి అంకితమివ్వమని కోరినట్లు ఉన్నది. రాయలు పాలించిన 1509–1529 నాటి కోటలలో, పేటలలో చాలా భాగం శిథిలమైనా, మనుచరిత్రను నేటికీ చదువుతుండటం ఆ మాటకు సాక్ష్యంగా కనిపిస్తుంది. కాని ఆ మాటను పూర్తిగా ఒప్పుకోవడం సాధ్యం కాదు. శ్రీనాథుడంతటి కవి రచించిన మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి పేర్లు మాత్రమే మిగిలాయి, కావ్యాలు దొరకలేదు. తాటాకుకు చెదలు పడుతుంది, తేమ తగులుతుంది, తరానికొకసారైనా ఎవరో ఒకరు కూర్చొని కొత్త ఆకుల మీద గంటంతో ఎత్తి రాసుకోకపోతే మహాకావ్యమైనా మాయమవుతుంది. కనుక కృతి కూడా చెరువు వంటిదే. దానికీ పూడిక తీసేవారు కావాలి.

ఆ పని తెలుగులో అందరికంటె విస్తారంగా చేయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఈస్టిండియా కుంపిణీ ఉద్యోగిగా 1820లో కడప చేరిన ఆయన, నాటి పండితులకు సొంత జీతాలిచ్చి, ఊరూరా తాళపత్రాలు సేకరింపజేసి, ప్రతులను పోల్చి పాఠాలు సరిచేయించి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు, 1850లలో నిఘంటువులు వెలువరించాడు. ఆయన కూడబెట్టిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరి, ఎన్నో కావ్యాల ముద్రణకు ఆధారమయ్యాయి. బ్రౌన్ స్వయంగా కావ్యం రాయలేదు. ఇతరులు రాసినది నశించకుండా చూడటమే ఆయన సంతానం. ఆయన చేరదీసిన పండితుల శ్రమ కూడా ఆ సంతానంలో భాగమే. ఆయన నివసించిన కడప బంగళా స్థలంలో తరువాతి కాలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వలన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. భద్రపరచినవాణ్ణి భద్రపరచడానికి మరొకరు పూనుకోవడం ఈ పరంపరలో ముచ్చటైన మలుపు. సృష్టించినవారికే కీర్తి దక్కాలన్న అలవాటు ఆలోచనలో నుంచి బయటపడితే, తమకు గొప్ప ప్రతిభ లేదని కుంగిపోయే ఎందరికో ఇక్కడ గౌరవప్రదమైన దారి ఒకటి దొరుకుతుంది.

నిక్షేపం ఏడింటిలోను బలహీనమైనది. దాచిన చోటు దాచినవాడితోనే పోతే ధనం ఎవరికీ చెందదు. ఈ దుర్గతి కుండలో పెట్టి పాతిన బంగారానికే పరిమితం కాదు. బ్యాంకులో పదేళ్ళపాటు ఎవరూ తీయని, అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పాటుచేసిన నిధికి బదిలీ అవుతాయి. ఆ తరువాత కూడా హక్కుదారులు బ్యాంకు ద్వారా వాటిని కోరవచ్చు, అటువంటి ఖాతాలను వెదకడానికి 2023లో ఉద్గం అనే పోర్టల్ కూడా వచ్చింది, కాని ఖాతా ఉన్నదన్న సంగతే తెలియని కుటుంబం దేనిని వెదుకుతుంది? వీలునామా రాయడానికి స్టాంపు కాగితం అవసరం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే సాధారణంగా సరిపోతుంది. ఇంత సులువైన పని చేయడానికి అపశకునమని వెనుకాడి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ మధ్య కోర్టు వ్యాజ్యాన్ని మిగిల్చి వెళ్ళినవారి వెనుక వారు కోరుకున్నది కాక మరొకటి నిలుస్తున్నది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టరాదన్న పోరుమామిళ్ళ శాసనపు హెచ్చరిక, ఎవరిదో తేలక తగాదాలో పడిన ఆస్తికి కూడా వర్తిస్తుంది.

వనం సంగతికి వస్తే, ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య పేరు చెప్పక తప్పదు. దశాబ్దాల పాటు దారుల పక్కన, కాలువ గట్ల మీద, ఖాళీగా కనిపించిన ప్రతిచోటా విత్తనాలు చల్లి, కోటికి పైగా మొక్కలు నాటారని ప్రసిద్ధి పొంది, వనజీవి అన్న పేరునే ఇంటిపేరు చేసుకున్న ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆ మొక్కలలో అధిక భాగం ఆయన సొంత నేలలో నాటినవి కావు. తనది కాని నేలలో, తాను కూర్చోని నీడ కోసం పాటుపడటం వారసత్వ భావనకు అత్యంత శుద్ధమైన రూపమని చెప్పవచ్చు.

సప్తసంతానాల పట్టికలో చోటు లేని ఉపకారాలు కూడా ఉన్నాయి. డొక్కా సీతమ్మ 1841లో పుట్టి 1909లో మరణించిన గృహిణి. గోదావరి పాయల నడుమ ఉన్న లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చినా, ఏ కులమైనా, ఆకలి అన్నవారికి అన్నం వండి పెట్టడమే ఆమె జీవితకార్యం. అన్నం తిన్నవెంటనే అయిపోయే వస్తువు; దాని మీద శాసనం చెక్కలేరు, దానిని బీరువాలో దాచలేరు. అయినా చెరువు తవ్వించిన ఎందరో మాన్యుల పేర్లు మరుగునపడగా, ఆమె పేరు గోదావరి జిల్లాలలో చెక్కుచెదరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టడం వలన, పుట్టిన శతాబ్దానికి చాలా దూరంలో ఉన్న పిల్లల కంచాల దగ్గరకు ఆ పేరు చేరింది. కందుకూరి వీరేశలింగం దారి దీనికి భిన్నమైనది. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన ఆయన, ఆ పని తనతో ఆగిపోరాదని హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి, తన ఆస్తిని దానికి అప్పగించారు. ఆ దంపతులకు బిడ్డలు లేరు. సభ్యులు, నియమాలు, నడుపుకోవడానికి ఆస్తి ఉన్న సంస్థను కల్పించడం అంటే సంస్కరణకు దశబంధం రాసివ్వడమే.

రాజులకు, పండితులకు, సంస్కర్తలకు సాధ్యమైన ఈ ఆలోచన సామాన్య గృహస్థుకు ఎలా అన్వయిస్తుందన్న సందేహం సహజం. చెరువు తవ్వించే స్తోమత లేనివారి దగ్గర కూడా ఇతరులకు అప్పగించదగినవి ఉంటాయి. మగ్గం మీద అచ్చు అతకడం తెలిసిన నేతగాడు, మాగాణిలో దేశవాళీ వరి విత్తనం కాపాడుతున్న రైతు, వడుగు పాటలూ అప్పగింతల పాటలూ కంఠస్థంగా ఉన్న పెద్దావిడ, ఏ పిల్లవాడు ఎక్కడ తడబడతాడో పసిగట్టగల బడిపంతులు, వీరిలో ప్రతి ఒక్కరూ ఒక కృతి వంటిదానిని మోస్తున్నారు. దానిని ఎత్తి రాసుకునేవారు లేకపోతే శ్రీనాథుని కావ్యాలకు పట్టిన గతే దానికీ పడుతుంది. విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ చిక్కు మరింత తీవ్రంగా ఉన్నది. తాతగారి డైరీలు, దస్తావేజులు, ఉత్తరాలు అటకమీదో అట్టపెట్టెలోనో ఉంటాయి, వాటిని చదవగలిగిన చివరి మనిషి తల్లో తండ్రో అవుతారు. వారు ఉండగానే ఫోటోల వెనుక పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు రాయించడం, ఉత్తరాలను చదివించి గొంతు రికార్డు చేయడం, చిన్నవారికి అక్షరాలు నేర్పడం ఆ ఇంటికి పూడికతీత. పెద్దవారు కూడా పిల్లలకు ఆసక్తి లేదని నొచ్చుకుని ఊరుకోక, తమకు తెలిసినదానిలో ఏది వారికి పనికివస్తుందో, ఏ రూపంలో ఇస్తే వారు అందుకోగలరో ఆలోచించవలసి ఉన్నది. వేపుడు ఎలా చేయాలో నేర్చుకున్న మనుమడికి ఆ వంట వెనుక ఉన్న కథ కూడా చెప్పవచ్చు. కథ మాత్రమే చెప్పి గరిటె చేతికివ్వకపోతే అతనికి అందులో వంతు లేనట్లే.

శరీరాన్ని గురించిన నిర్ణయం కూడా ఈ కోవలోనిదే. నేత్రదానంలో మరణానంతరం సాధారణంగా ఆరు గంటల లోపు కంటి పారదర్శక పొరను, అనగా కార్నియాను, సేకరించవలసి ఉంటుంది. మెదడు మరణం నిర్ధారించిన తరువాత జరిగే అవయవదానాన్ని రెండు తెలుగు రాష్ట్రాలలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం సమన్వయం చేస్తుంది. ఎవరైనా బతికి ఉండగా దానపత్రం మీద సంతకం చేసినా, ఆ గడియ వచ్చినప్పుడు ఆసుపత్రికి ఫోను చేయవలసినవారు, ఆసుపత్రిలో అంగీకారం తెలపవలసినవారు కుటుంబసభ్యులే. దుఃఖంలో మునిగి ఉన్నవారు కొద్ది గంటలలో అంత పెద్ద నిర్ణయానికి రాలేరు. ముందుగా ఒకటికి నాలుగుసార్లు ఇంట్లో మాట్లాడుకున్న కుటుంబం రాగలదు. అందుచేత కార్డు మీద సంతకం చేసిన రోజుననే ఆ సంగతి భార్యకో భర్తకో, కొడుకుకో కూతురికో చెప్పి, నేత్రనిధి ఫోను నంబరు వారి దగ్గర ఉంచి, వారి అభ్యంతరాలు ఏవైనా ఉంటే అప్పుడే విని, వారిని ఒప్పించుకోవడం దాత చేయవలసిన పని.